ఎలుగు తిరిగే కొండల్లో ఒక తుపాకీ: కెన్నెత్ ఆండర్సన్ జీవితం

బెంగుళూరు నగరానికి ఆగ్నేయాన బెళ్ళందూరు చెరువు ఉంది. సుమారు 900 ఎకరాల విస్తీర్ణం గల ఆ చెరువు చుట్టూ నేడు సాఫ్ట్‌వేరు కార్యాలయాలు, ఆకాశాన్నంటే నివాస భవనాలు కనిపిస్తాయి. ఉద్యోగాల కోసం తెలుగునాట నుండి తరలివచ్చిన వేలాది కుటుంబాలకు ఆ ప్రాంతమే నివాసం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అదే చెరువు నీటిపై కాటలీనా అనే పెద్ద నీటి విమానాలు దిగేవి. చెరువుకు ఉత్తరాన ఉన్న విమాన కర్మాగారంలో వాటికి మరమ్మతులు జరిగేవి. 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే పేరుతో స్థాపితమైన ఆ కర్మాగారమే 1964లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌గా మారింది.

ఆ కర్మాగారపు ప్రణాళికా విభాగంలో మేనేజరు హోదాలో పనిచేసిన ఒక అధికారికి మరొక జీవితం ఉండేది. సెలవు దొరికితే ఆయన కారు హోసూరు దారి పట్టేది. హోసూరు దాటి, డెంకణికోట దాటి, జవళగిరి, అంచెట్టి అడవుల్లోకి సాగిపోయేది. చేతిలో ఒకే ఒక్క పాత అమెరికా రైఫిలు ఉండేది. ఆయనే కెన్నెత్ ఆండర్సన్. దక్షిణ భారతదేశపు అడవులను, వాటి అంచుల్లో నివసించే పేద పల్లెలను ప్రపంచానికి పరిచయం చేసిన వేటగాడు, రచయిత.

జిమ్ కార్బెట్ పేరు తెలిసినంతగా ఆండర్సన్ పేరు అందరికీ తెలియదు. అయినప్పటికీ కార్బెట్ నడిచిన కుమావూ కొండలు ఎక్కడో హిమాలయాల్లో ఉన్నాయి. ఆండర్సన్ నడిచిన కొండలు సరిహద్దు పల్లెల వాకిట్లో నిలబడి చూస్తే కనిపిస్తాయి.

బోలారం నుండి బెంగుళూరుకు

కెన్నెత్ ఆండర్సన్ 1910 మార్చి 8వ తేదీన సికింద్రాబాదు సమీపంలోని బోలారంలో జన్మించారు. నాడు అది నిజాం రాజ్యంలోని సైనిక స్థావరం. ఆండర్సన్ పూర్వీకులు స్కాట్లాండు దేశస్థులు. ఆయన పుట్టేనాటికే ఆ కుటుంబం ఆరు తరాలుగా భారతదేశంలో స్థిరపడి ఉంది. తండ్రి సైనికుల జీతభత్యాల లెక్కలు చూసే శాఖలో అధికారి. బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను కెన్నెత్ విద్యాభ్యాసం సాగింది. న్యాయశాస్త్రం చదివించదలచి కుటుంబం ఆయనను ఎడింబరో నగరానికి పంపింది. ఆ చదువు ఆయనకు రుచించలేదు. మధ్యలోనే విడిచిపెట్టి తిరిగి వచ్చారు. పూర్వీకుల దేశం ఆయనకు పరాయి దేశమే అయింది. పుట్టిన దేశమే సొంత దేశమైంది.

తపాలా తంతి శాఖలో సుమారు పదిహేను సంవత్సరాలు పనిచేసి, అనంతరం విమాన కర్మాగారంలో చేరారు. కన్నడ, తమిళ భాషలు ధారాళంగా మాట్లాడేవారు. దొరల క్లబ్బుల కంటే పశువుల కాపరుల చలిమంటల వద్ద కూర్చోవడమే ఆయనకు ఇష్టం. నాటి తెల్ల అధికారుల వేటకు, ఆండర్సన్ వేటకు ఇక్కడే ప్రధానమైన తేడా కనిపిస్తుంది. ఏనుగు అంబారీలు, వందలాది డప్పులవారు, గుడారాలు, వంటవారు ఆయన వెంట వెళ్ళలేదు. ఒకరిద్దరు స్థానికులతో కాలినడకన తిరిగేవారు.

ఆ స్థానికులలో బైర అనే అడవి బిడ్డ ముఖ్యుడు. హొగెనక్కల్ వద్ద కావేరిలో కలిసే చిన్నారు నది ఒడ్డున, మట్టి గట్టులో తొలిచిన గుంతలో భార్యతో కాపురముంటున్న బైరను ఆండర్సన్ కలుసుకున్నారు. తరువాత వారి స్నేహం ఏళ్ళ తరబడి సాగింది. జాడ చూడటం, వాసన పట్టడం, పక్షుల అరుపులను బట్టి మృగం కదలికను గ్రహించడం వంటి విద్యలను అటువంటి వారి నుండే నేర్చుకున్నట్లు ఆయన తన పుస్తకాలలో దాచుకోకుండా రాశారు.

కాలినడక వేటగానికి తగిన తుపాకీ

ఏనుగుపై కూర్చున్న వేటగానికి తుపాకీ బరువు లెక్కలోనిది కాదు. దానిని మోసే మనిషి వేరే ఉంటాడు. కొండలెక్కి, వాగులు దిగి, ముళ్ళపొదల్లో వంగి నడిచే మనిషికి ప్రతి తులమూ లెక్కే. నాడు పెద్ద జంతువుల వేటకు ప్రసిద్ధి చెందిన ఇంగ్లాండు జంటగొట్టాల రైఫిళ్ళు పది నుండి పన్నెండు పౌన్ల బరువుండేవి. అనగా నాలుగున్నర కిలోల నుండి అయిదున్నర కిలోల వరకు. వాటి ధర సామాన్య ఉద్యోగికి అందేది కాదు. ఉదయం నుండి సాయంత్రం వరకు అంత బరువు మోసిన చేయి, అవసరం వచ్చిన అర క్షణంలో వణకక తప్పదు.

మరొక కొసన తేలికపాటి రైఫిళ్ళు ఉండేవి. చంపావత్ నరభక్షక పులిని 1907లో చంపినందుకు కార్బెట్‌కు బహుమతిగా లభించిన .275 రిగ్బీ రైఫిలు ఆ కోవలోనిదే. సుమారు ఏడు పౌన్ల బరువు, సూటిగా దూరం పోయే చిన్న తూటా. అయితే ఆ తూటా బరువు తొమ్మిది గ్రాములే. దట్టమైన పొదలో పది అడుగుల దూరంలో ఎలుగుబంటి లేచి మీదికి వచ్చినప్పుడు, అంత చిన్న తూటా దానిని అక్కడికక్కడే నిలువరిస్తుందని చెప్పలేము. కార్బెట్ కూడా అవసరాన్ని బట్టి బరువైన జంటగొట్టాల రైఫిలును చేతబట్టారు.

ఆండర్సన్ ఎంచుకున్నది ఈ రెండింటికీ నడిమి దారి. విన్‌చెస్టర్ సంస్థ తయారుచేసిన 1895 నమూనా రైఫిలు. జాన్ బ్రౌనింగ్ అనే సుప్రసిద్ధ ఆయుధ నిపుణుడు దానిని రూపొందించారు. దానిలో వాడే .405 తూటా 1904లో వెలువడింది. అమెరికా అధ్యక్ష పదవి నుండి దిగిపోయిన థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు వెళుతూ వెంట తీసుకుపోయినవాటిలో ఈ తుపాకీ ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇదే నమూనా తుపాకులు, వేరొక కొలత గొట్టంతో, సుమారు మూడు లక్షలు రష్యా సైన్యానికి అమ్ముడుపోయాయి.

దాని బరువు ఎనిమిది పౌన్లకు కొంచెం ఎక్కువ, అనగా మూడు కిలోల ఏడువందల గ్రాముల ప్రాంతం. తూటా బరువు 300 గ్రెయిన్లు, అనగా సుమారు పందొమ్మిదిన్నర గ్రాములు. రిగ్బీ తూటాకు రెట్టింపుకు పైమాట. ట్రిగ్గరు కింద ఉండే మీటను ముందుకు తోసి వెనుకకు లాగితే కాలిన తొడుగు బయటపడి కొత్త తూటా గొట్టంలోకి చేరుతుంది. తుపాకీని భుజం మీద నుండి దించనవసరం లేదు. జంటగొట్టాల తుపాకీలో రెండు తూటాలు అయిపోయిన వెంటనే చేయి ఖాళీ. దీని పెట్టెలో నాలుగు తూటాలు పట్టేవి. మీదికి దూకే మృగం ముందు ఆ అదనపు తూటాల విలువ ప్రాణంతో సమానం.

లోపాలు లేకపోలేదు. తుపాకీ తేలికైన కొద్దీ, తూటా బరువైన కొద్దీ, పేల్చినవాని భుజాన్ని అది గట్టిగా తన్నుతుంది. ఈ రైఫిలు వెనుక భాగానికి నెలవంక ఆకారంలో ఇనుప పట్టీ ఉండేది. అది భుజంలో గుచ్చుకునేది. మొండిముక్కు తూటా దూరం పోయిన కొద్దీ త్వరగా కిందికి వాలిపోయేది. బయలు మైదానాల్లో మూడు నాలుగు వందల గజాల దూరం కొట్టదలచినవారికి అది పనికిరాదు. జవళగిరి వెదురు పొదల్లో ముప్పై గజాలకు మించి చూపు సాగడమే గొప్ప. అక్కడ దూరంతో పనిలేదు. దగ్గరలో గట్టి దెబ్బ కావాలి, వెంటనే రెండవ దెబ్బ కావాలి, రోజంతా మోయగల బరువు కావాలి. రాత్రి వేటకు గొట్టానికి టార్చిలైటు బిగించుకోవడానికి వీలుండాలి. తాను నడిచే నేలను బట్టి ఆయన తుపాకీని ఎంచుకున్నారు. పేరును బట్టి, ధరను బట్టి ఎంచుకోలేదు. ఒకసారి ఎంచుకున్న తరువాత దశాబ్దాల పాటు దానినే నమ్ముకున్నారు. చీకటిలో సైతం చేతికి అలవాటైన మీట ఎక్కడుందో వెతుక్కోవలసిన అవసరం రాదు.

జవళగిరి నేర్పిన పాఠం

తుపాకీ ఎంపికలో ఆండర్సన్‌కు అంత పట్టుదల ఎందుకో జవళగిరి పులి కథ చదివితే అర్థమవుతుంది. నాడు హోసూరు, డెంకణికోట ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోని సేలం జిల్లాలో ఉండేవి. 1965లో ధర్మపురి జిల్లాలో, 2004లో కృష్ణగిరి జిల్లాలో చేరాయి. జిల్లాల పేర్లు మారినా, తెలుగు, కన్నడ, తమిళం కలగలిసి వినిపించే ఆ పల్లెల తీరు మారలేదు.

ఆండర్సన్ 1954లో వెలువరించిన తొలి పుస్తకం నైన్ మ్యాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్. అందులోని తొలి కథ జవళగిరిదే. ఆ కథనం ప్రకారం ఆ పులి పుట్టుకతో నరభక్షకి కాదు. దాని జతగాడిని దొంగ వేటగాళ్ళు చంపారు. జతను వెతుక్కుంటూ అరుస్తూ తిరిగిన ఆడపులిపై ఒక వేటగాడు గుండు పేల్చాడు. అది ప్రాణం తీసే చోట తగలలేదు. గాయంతో తప్పించుకున్న పులి కొంత కాలానికి మనుషులపై పడింది. పశువుల కాపరులు, కట్టెలకు వెళ్ళినవారు బలయ్యారు. పల్లెల్లో పొద్దుగూకక ముందే తలుపులు మూసుకునే రోజులు వచ్చాయి. చివరకు ఆండర్సన్ చేతిలోనే అది మరణించింది.

ఆ వేట కంటే దాని వెనుక ఉన్న కారణమే సరిహద్దు పల్లెలకు ముఖ్యమైనది. తప్పిన గుండు కథ అక్కడితో ముగియదు. పేల్చినవాడు రైలెక్కి ఊరు చేరుకుంటాడు. గాయపడిన మృగం మాత్రం ఆ కొండల్లోనే మిగిలిపోతుంది. దాని మూల్యం మేకలు కాచుకునే పిల్లవాడు చెల్లిస్తాడు. పంట కాపలాకు ఉపయోగించే నాటు తుపాకులు, వాటిలో కూరే ఇనుప ముక్కలు ఎన్నో మృగాలను చంపకుండా కుంటివిగా మార్చి వదిలేశాయని ఆండర్సన్ తన రచనలలో పలుమార్లు వివరించారు. వేగంగా పరుగెత్తే జింకను పట్టలేని కుంటి మృగానికి మనిషి సులువైన ఆహారమవుతాడు.

అందువల్ల బలహీనమైన తుపాకీతో పెద్ద మృగాన్ని కొట్టడం ఆయన దృష్టిలో అనుభవలేమి మాత్రమే కాదు, పల్లెకు చేసే అపకారం. గాయపడిన మృగం పొదలో దూరితే, కొట్టినవాడే కాలినడకన వెంబడించి ముగించాలన్నది నాటి వేట ధర్మం. ఆండర్సన్ దానిని పాటించారు. అటువంటి నడకలో బరువు తక్కువ, దెబ్బ ఎక్కువ గల తుపాకీ కేవలం సౌకర్యం కాదు. అది బాధ్యతలో భాగం.

గుమ్మళాపురం చిరుత

అదే పుస్తకంలోని మరొక కథ గుమ్మళాపురానిది. తళి సమీపాన, అప్పటి మైసూరు సంస్థానపు సరిహద్దును ఆనుకుని ఉన్న గ్రామమది. అక్కడ ఒక చిరుత 42 మందిని పొట్టన పెట్టుకున్నదని, సుమారు 250 చదరపు మైళ్ళ ప్రాంతం దాని భయంతో వణికిపోయిందని ఆండర్సన్ రాశారు. చిరుత పెద్దపులి వంటిది కాదు. అది ఇంటి గడప దాటి లోపలికి వస్తుంది. పూరికప్పు మీదికి ఎక్కుతుంది. చప్పుడు కాకుండా నిద్రిస్తున్న మనిషిని ఈడ్చుకుపోతుంది.

ఆండర్సన్ ఊళ్ళోనే రాత్రుళ్ళు కాపు కాశారు. తొలి ప్రయత్నాలు ఫలించలేదు. ఆ రోజుల్లో ఊరి వీధికుక్క ఒకటి ఆయన పెట్టిన తిండికి మరిగి వెంట తిరగసాగింది. చివరి రాత్రి చిరుత రాకను ముందుగా పసిగట్టి హెచ్చరించినది ఆ కుక్కే. చిరుతను చంపి పరిశీలించగా దాని పాదంలో ఏదు పందుల ముళ్ళు విరిగి ఉన్నాయని తెలిసింది. సహజమైన వేటకు పనికిరాకుండా పోయిన ఆ కాలే దానిని మనుషుల మీదికి తిప్పి ఉండవచ్చునని ఆయన భావించారు. ఆ కుక్కను ఆండర్సన్ బెంగుళూరుకు తీసుకుపోయి నిప్పర్ అని పేరు పెట్టి పెంచుకున్నారు. వేటగాడి ఘనతగా చెప్పుకోదగిన కథలో ఆయన తన పేరు పక్కన ఒక పల్లె కుక్కను నిలబెట్టారు.

చిత్తూరు, నల్లమల అడవుల్లో

ఆండర్సన్ అడుగులు తమిళ, కన్నడ సరిహద్దులతో ఆగలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాష్ట్రంలో భాగమైన చిత్తూరు జిల్లా అడవులు ఆయనకు బాగా పరిచయం. చామల లోయలో సంచరించిన నరభక్షక పులి కథ తొలి పుస్తకంలోనే ఉంది. రేణిగుంట, కోడూరు రైలు మార్గంలోని మామండూరు పులి కథ 1957లో వచ్చిన మ్యాన్ ఈటర్స్ అండ్ జంగిల్ కిల్లర్స్ అనే రెండవ పుస్తకంలో చోటు చేసుకుంది. నల్లమలలో నంద్యాల, దిగువమెట్ట రైలు మార్గం వెంబడి చెంచుల పల్లెలను కూడా ఆయన తన రచనలలో చిత్రించారు.

చామల ప్రాంతపు అడవులు 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో నేడు భాగంగా ఉన్నాయి. ఆండర్సన్ చూసిన వాగులు, కొండ మలుపులు అక్కడ ఇంకా ఉన్నాయి. ఎర్రచందనం చెట్ల మధ్య ఎలుగుబంట్లు, చిరుతలు నేటికీ తిరుగుతున్నాయి.

1939 నుండి 1966 వరకు ప్రభుత్వ లెక్కల ప్రకారం ఆయన చంపిన నరభక్షక మృగాలు ఎనిమిది చిరుతలు, ఏడు పులులు. అనధికారికంగా ఇంతకంటే చాలా ఎక్కువని ప్రచారంలో ఉంది. ఏ లెక్క తీసుకున్నా, అలంకారం కోసం తోళ్ళు పోగుచేసిన నాటి రాజులు, దొరల సంఖ్యలతో పోలిస్తే అది స్వల్పమే.

నాగవర కొండల ఎలుగు

కొండ పల్లెల్లో పెద్దపులిని చూసినవారు కొద్దిమంది. ఎలుగుబంటి దెబ్బ తిన్నవారు మాత్రం దాదాపు ప్రతి ఊరిలో కనిపిస్తారు. ఆండర్సన్ కూడా పులి కంటే ఎలుగు స్వభావమే ఊహకు అందనిదని భావించారు. పులి మనిషి అలికిడి విని పక్కకు తప్పుకుంటుంది. ఎలుగుకు చూపు మందం. చెదపుట్టలో మూతి పెట్టి పురుగులను పీల్చేటప్పుడు అది చేసే శబ్దం దూరానికి వినిపిస్తుంది. అయితే ఆ శబ్దం వల్ల మనిషి అడుగుల చప్పుడు దానికి వినిపించదు. చెంతకు వచ్చేవరకు తెలియక, తెలిసిన క్షణంలో బెదిరి, మీదికి దూకుతుంది. పుట్టలు తవ్వడానికి ఏర్పడిన నాలుగంగుళాల గోళ్ళు మనిషి ముఖాన్ని చీల్చివేస్తాయి.

మ్యాన్ ఈటర్స్ అండ్ జంగిల్ కిల్లర్స్ పుస్తకంలో అరసికెరె సమీపంలోని నాగవర కొండల ఎలుగు కథ ఉంది. అక్కడి దర్గాను కనిపెట్టుకుని ఉండే ఆలం బక్ష్ అనే వృద్ధుని కుమారుడు దాని వాత పడ్డాడు. ఆండర్సన్ అంచనా ప్రకారం ఆ ఎలుగు సుమారు మూడు డజన్ల మందిని గాయపరచింది. వారిలో 12 మంది మరణించారు. తొలిసారి వెళ్ళినప్పుడు అది ఆయనకు దొరకలేదు. తరువాత అది చిక్కమగళూరు వైపు సఖరాయపట్టణం ప్రాంతానికి తరలిపోయి అక్కడా మనుషులపై పడింది. ఆండర్సన్ మళ్ళీ వెళ్ళి చివరకు దానిని తుదముట్టించారు.

నల్లని దట్టమైన జూలు చీకటిలో కలిసిపోగా, ఎలుగు ఛాతీపై ఉండే తెల్లని గుర్తు మాత్రమే గురికి ఆధారమవుతుంది. మీదికి వచ్చే ఎలుగుకు, మనిషికి మధ్య దూరం కొన్ని అడుగులే. అటువంటి సమయంలో భుజానికి చప్పున ఎత్తగల తేలికదనం, ఒకే దెబ్బతో నేలకూల్చగల బరువైన తూటా ఒకే తుపాకీలో ఉండటం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఆండర్సన్ ఎంపిక సరైనదని ఆ కథ నిరూపించింది.

ఇంట్లో పెరిగిన ఎలుగుబంటి

ఆండర్సన్ జీవితంలో మరొక ఎలుగు ఉంది. దాని కథకు తుపాకీ ఆరంభం మాత్రమే. మైసూరు సమీపాన చెరకు తోటల మీదుగా మిత్రులతో వెళుతుండగా ఎదురుపడిన ఒక ఆడ ఎలుగును ఆయన మిత్రులలో ఒకరు నిష్కారణంగా కాల్చి చంపారు. దాని వీపును కరుచుకుని ఉన్న పిల్ల తల్లి శవం చుట్టూ ఏడుస్తూ తిరిగింది. ఆ పిల్లను ఆండర్సన్ వెంటబడి పట్టుకుని బెంగుళూరుకు తెచ్చి భార్యకు అప్పగించారు. ఆమె దానికి బ్రూనో అని పేరు పెట్టారు. తరువాత దానిని బాబా అని పిలుచుకున్నారు.

మొదట సీసాపాలు తాగిన బ్రూనో క్రమంగా ఇంట్లో వండిన ప్రతిదీ తినసాగింది. ఒకసారి ఎలుకలకు పెట్టిన విషం తిని కాళ్ళు చచ్చుబడిపోగా, పశువైద్యుని సూదిమందుతో బతికింది. మరొకసారి కారు ఇంజనులో నుండి తీసిన పాత నూనెను తాగినా దానికేమీ కాలేదు. అది పెద్దదైన తరువాత ఇంట్లో ఉంచడం కష్టమై మైసూరు జంతుప్రదర్శనశాలకు పంపించారు. అక్కడ అది తిండి మానేసి చిక్కిపోయింది. కొన్ని నెలలకు చూడటానికి వెళ్ళిన ఆండర్సన్ భార్యను అది దూరం నుండే గుర్తుపట్టింది. ఆమె అధికారులను ప్రాధేయపడి దానిని తిరిగి ఇంటికి తెచ్చుకున్నారు. ఇంటి ఆవరణలో చుట్టూ కందకం తవ్వించి, మధ్యన దిబ్బ మీద దానికి నివాసం ఏర్పాటు చేశారు.

ఈ కథను 2006లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదవ తరగతి ఆంగ్ల పాఠ్యపుస్తకంలో చేర్చారు. ఆండర్సన్ వేట కథల పేరు కూడా వినని లక్షలాది విద్యార్థులు ఈ పాఠం ద్వారానే ఆయనను ఎరుగుదురు. పన్నెండు మందిని చంపిన ఎలుగును వెంటాడిన చేతులే తల్లిలేని ఎలుగు పిల్లకు ఇల్లు చూపాయి. ఈ రెండింటి మధ్య వైరుధ్యం లేదు. అవసరమై పేల్చిన గుండుకు, చేతిలో తుపాకీ ఉన్నందున పేల్చిన గుండుకు గల తేడాను ఆయన తన జీవితమంతా పాటించారు. చెరకు తోటలో మిత్రుని చేతిలో ఉన్నది కూడా తుపాకీయే. ఎంత మంచి ఆయుధమైనా, ఎప్పుడు దించాలో తెలియని చేతిలో దాని మంచితనం నిష్ప్రయోజనం.

తుపాకీ దించిన తరువాత

ఆండర్సన్‌కు ఒక కుమార్తె, ఒక కుమారుడు. కుమారుడు డొనాల్డ్ తండ్రి వెంట అడవుల్లో తిరిగి వేటగాడిగా పేరు పొందారు. ఆయన 2014లో మరణించారు. కెన్నెత్ మాత్రం వయసు మీదపడిన కొద్దీ తుపాకీ కంటే కెమెరాను ఎక్కువగా ఆశ్రయించారు. తన కళ్ళ ముందే అడవులు పలచబడిపోవడం, జంతువులు మాయమైపోవడం ఆయనను కలచివేసింది. ద బ్లాక్ పాంథర్ ఆఫ్ శివనిపల్లి (1959), ద కాల్ ఆఫ్ ద మ్యాన్ ఈటర్ (1961), దిస్ ఈజ్ ద జంగిల్ (1964), ద టైగర్ రోర్స్ (1967), టేల్స్ ఫ్రమ్ ద ఇండియన్ జంగిల్ (1970) వరుసగా వెలువడ్డాయి. డెంకణికోట సమీపంలోని చిన్న పల్లె శివనిపల్లి పేరు ఆ విధంగా విదేశాల్లోని గ్రంథాలయాలకు చేరింది.

1972లో భారత ప్రభుత్వం వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని తెచ్చింది. లైసెన్సు తీసుకుని పులిని వేటాడే కాలం ముగిసింది. మరి రెండేళ్ళకు, 1974 ఆగస్టు 30వ తేదీన ఆండర్సన్ క్యాన్సరు వ్యాధితో మరణించారు. ఆయన వయస్సు 64 సంవత్సరాలు. జంగిల్స్ లాంగ్ ఎగో అనే పుస్తకం ఆయన మరణానంతరం 1976లో వెలువడింది. బెంగుళూరు శివారులోని బన్నేరుఘట్ట అడవి జాతీయ ఉద్యానవనంగా రూపొందినది కూడా ఆయన మరణించిన 1974లోనే.

నేడు ఎలుగుబంటికి చట్టంలో అత్యున్నత రక్షణ ఉంది. దానిని వేటాడటం శిక్షార్హమైన నేరం. జవళగిరి, అంచెట్టి, హొగెనక్కల్ ప్రాంతాలలోని అడవులను 2014లో కావేరీ ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. హోసూరు కేంద్రంగా ఆండర్సన్ పేరిట ఏర్పడిన ప్రకృతి సంస్థ ఒకటి మేలగిరి కొండల్లో సంరక్షణకు కృషి చేస్తోంది. బన్నేరుఘట్టలో 2005లో ఏర్పడిన ఎలుగుబంట్ల పునరావాస కేంద్రంలో, ఒకప్పుడు ముక్కుతాడుతో వీధుల్లో ఆడించిన ఎలుగులకు ఆశ్రయం లభించింది.

చట్టం మారినా పల్లె కష్టం పూర్తిగా తీరలేదు. రాగి పంట కోతకు వచ్చే వేళ ఏనుగుల గుంపులు జవళగిరి మీదుగా పొలాల్లోకి దిగుతున్నాయి. వేరుశనగ చేలకు, సీతాఫలం తోపులకు ఎలుగులు వస్తున్నాయి. నేటి రైతు చేతిలో విన్‌చెస్టర్ రైఫిలు ఉండదు, ఉండనక్కరలేదు. ఆండర్సన్ మిగిల్చిన అడవి విజ్ఞానం మాత్రం నేటికీ ఉపయోగిస్తుంది. ఎలుగు తిరిగే దారిలో తెల్లవారుజామున, మునిమాపున ఒంటరిగా నడవరాదు. నడవక తప్పనప్పుడు నలుగురు కలిసి, మాటల చప్పుడు చేస్తూ నడవాలి. కొత్తగా తవ్విన చెదపుట్ట, పండ్లు రాలిన మేడిచెట్టు కనిపిస్తే దూరంగా తొలగిపోవాలి. పిల్లలతో ఉన్న ఎలుగును రాళ్ళతో, కర్రలతో తరుమరాదు. ఊరిలోకి వచ్చిన మృగాన్ని గుంపుగా చుట్టుముట్టకుండా, దానికి పోయే దారి విడిచి, అటవీ శాఖకు కబురు పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఉచ్చులు, నాటు బాంబులు, నాటు తుపాకులతో మృగాన్ని సగం చంపి వదలరాదు.

జవళగిరి పులిని నరభక్షకిగా మార్చినది గురితప్పిన ఒక్క గుండు. దానిని పేల్చిన వేటగాని తరువాతి జీవితం ఎవరికీ పట్టలేదు. ఆ గుండుకు బలైన కాపరుల కుటుంబాలు మాత్రం ఆ కొండల కిందనే బతికాయి. కెన్నెత్ ఆండర్సన్ తన పాత రైఫిలును భుజాన వేసుకుని మళ్ళీ మళ్ళీ వెళ్ళినది అటువంటి ఇళ్ళకే.